అట్టిపెట్టిన అక్షరాలు

2023 జూలైలో ట్విట్టర్ అనే సంస్థ తన పాత పేరు వదిలేసి "ఎక్స్" అయింది. ఆ వారంలోనే మా క్లాసులో ఒక కుర్రవాడు లేచి నన్ను అడిగాడు: "మాస్టారూ, అక్షరం ఒక మనిషికి సొత్తు ఎట్లా అవుతుందండీ?" క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి పాఠంలోకి వెళ్లిపోయాను. నవ్వానంటే కారణం మరేమీ లేదు, నాకు సమాధానం తెలియదు.

తరవాత కొన్నాళ్లు ఆ ప్రశ్నను పట్టుకు తిరిగాను. తిరిగినకొద్దీ నాకు తెలిసిందేమంటే, అది ఒక ప్రశ్న కాదు, రెండు. ఎక్స్ అనే అక్షరం ఒకడి చేతికి ఎట్లా పోయిందనేది చిన్న ప్రశ్న. దానికి జవాబు ఒక్క పేరాలో చెప్పవచ్చు. డాట్ కామ్ కింద మిగిలిన 23 అక్షరాలూ ఎవరి చేతికీ పోకుండా ఇన్నేళ్లు ఎట్లా నిలిచాయనేది పెద్ద ప్రశ్న. చరిత్ర అంతా ఈ రెండోదానిలోనే ఉంది. విచిత్రమేమంటే, అక్షరాలు అమ్ముడుపోయినప్పుడు పత్రికలు పతాక శీర్షికలు పెడతాయి గాని, అమ్ముడుపోకుండా ఉన్నవాటి గురించి ఎవరూ వ్రాయరు.

ఇంటర్నెట్టులో యంత్రాలకు పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. పేర్లు కావలసింది మనుషులకు. మొదట్లో, అంటే 1970లలో, అమెరికాలోని అర్పానెట్ మీద ఉన్న యంత్రాలన్నిటి పేర్లూ ఒకే ఒక జాబితాలో ఉండేవి. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన కార్యాలయం ఆ జాబితాను చూసుకునేది. కొత్త యంత్రం పెట్టినవారు ఆ ఆఫీసుకు కబురు చేస్తే, వారు ఆ పేరు జాబితాలో చేర్చేవారు. యంత్రాలు పెరిగి ఆ ఒక్క జాబితా మోయలేని బరువైనప్పుడు, 1983లో పాల్ మొకపెట్రిస్ అనే యువకుడు పేర్లను కొమ్మలుగా విడదీసే పద్ధతి కనిపెట్టాడు. ఒక్కొక్క కొమ్మ బాధ్యత ఒక్కొక్కరిది. 1984 అక్టోబరులో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ కలిసి వ్రాసిన పత్రంలో పెద్ద కొమ్మలకు పేర్లు పెట్టారు: వ్యాపారానికి కామ్, విద్యకు ఎడ్యు, ప్రభుత్వానికి గవ్, సైన్యానికి మిల్, ఇందులో ఎక్కడా ఇమడనివారికి ఆర్గ్. 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే కంపెనీ మొట్టమొదటి డాట్ కామ్ పేరు తీసుకుంది. తీసుకుంది అంటున్నాను, కొనుక్కుంది అనడం లేదు. అప్పుడు పేరుకు వెల లేదు.

ఈ పనంతా సర్కారు డబ్బుతో జరిగింది. అందులోనూ చాలా భాగం సైనిక శాఖ డబ్బు. కనుక దీన్నొక స్వర్ణయుగంగా వర్ణించి కన్నీరు కార్చేవారితో నాకు పొత్తు లేదు. ఐతే ఎవరి డబ్బుతో మొదలైనా, పనిచేసిన ఇంజనీర్లు విశ్వవిద్యాలయాల మనుషులు, వారి అలవాట్లు లైబ్రరీ అలవాట్లు. ఈ సంగతి గుర్తుంటే తప్ప తరవాత జరిగినది అర్థం కాదు.

పోస్టెల్ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. గుబురు గడ్డం, కాళ్లకు చెప్పులు. ఇంటర్నెట్టులో ఏ అంకె ఎవరిదో, ఏ పేరు ఎవరి అజమాయిషీలో ఉందో ఆయన దగ్గర ఉన్న లెక్కలే లెక్కలు. 1993 డిసెంబరు 1న ఆయన ఒక చిన్న పని చేశాడు. కామ్, నెట్, ఆర్గ్ అనే మూడు కొమ్మల కిందా ఒంటి అక్షరపు పేర్లను, ఒంటి అంకె పేర్లను ఇకమీదట ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టాడు. అక్షరాలు 26, అంకెలు 10, కొమ్మలు 3, వెరసి 108 పేర్లు. అప్పటికే 6 పేర్లు వెళ్లిపోయాయి. క్యూ.కామ్, ఎక్స్.కామ్, జెడ్.కామ్, ఐ.నెట్, క్యూ.నెట్, ఎక్స్.ఆర్గ్. ఇచ్చినవాటిని వెనక్కు లాక్కోలేదు. తక్కిన 102 పేర్లకూ తలుపు మూశాడు.

ఎందుకు మూశాడు? అక్షరాలు అరుదైనవి, రేపు ధర పలుకుతాయి అని కాదు. డాట్ కామ్ కింద పేర్లు విపరీతంగా పెరుగుతున్నాయి. ఒకే మట్టంలో లక్షల పేర్లుంటే యంత్రాలు మోయగలవా అని భయం. అంత పని జరిగితే డాట్ కామ్‌ను మళ్లీ కొమ్మలుగా చీల్చాలి. దానికి సులభమైన మార్గం మొదటి అక్షరాన్నిబట్టి విడదీయడం. అంటే ఇ అక్షరంతో మొదలయ్యే పేర్లన్నీ ఇ.కామ్ కిందకి, టి తో మొదలయ్యేవన్నీ టి.కామ్ కిందకి పోతాయి. మన పాత లైబ్రరీలలో పుస్తకాల కార్డులు పెట్టే బీరువా చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రతి సొరుగు మీదా ఒక అక్షరం ఉంటుంది. ఆ అక్షరం ఏ పుస్తకానిదీ కాదు, లోపల ఉన్న కార్డులన్నిటిదీ. సొరుగు మీది చీటీని చందాదారుడెవరికో ఇచ్చేస్తే మిగిలినవాళ్లు పుస్తకం వెతుక్కునేదెట్లా? పోస్టెల్ అట్టిపెట్టినది ఆ చీటీలను.

ఆ తరవాత మూడు నెలలకే, 1994 మార్చిలో, ఆయన మరొక పత్రం వ్రాశాడు. డాట్ కామ్ చాలా పెద్దదైపోయిందనీ, దాన్ని విభజించే ఆలోచన జరుగుతున్నదనీ అందులో ఉంది. అంతకన్న ముఖ్యమైన మాట మరొకటి ఉంది. పేర్ల విషయంలో హక్కుల గురించీ యాజమాన్యం గురించీ ఆరాటపడడం తగదనీ, ఆరాటపడవలసింది బాధ్యత గురించీ సమాజానికి చేసే సేవ గురించీ అనీ దాని సారాంశం. పోస్టెల్ సోషలిస్టు కాడు. ఆయన ఏ సిద్ధాంతమూ ప్రకటించలేదు. ఒక పనిని సవ్యంగా చేయదలచిన మనిషికి ఆ పని స్వభావమే ఆ మాట చెప్పించింది. నాకు ఆ పత్రంలో ఆకర్షణ అంతా అక్కడే ఉంది.

కాని ఆ మాట వ్రాసిన సిరా ఆరక ముందే నేల కదిలింది. పేర్ల రిజిస్ట్రీ పని 1993లో అమెరికా ప్రభుత్వపు నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కాంట్రాక్టు కింద నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీకి వెళ్లింది. 1995లో ఆ కంపెనీని సెయిక్ అనే మరొక సంస్థ కొన్నది. ఇచ్చిన ధర 50 లక్షల డాలర్ల లోపు. అదే ఏడు సెప్టెంబరు నుంచి పేరుకు రుసుము వచ్చింది, రెండేళ్లకు 100 డాలర్లు. 2000లో అదే కంపెనీని వెరిసైన్ కొన్నది, సుమారు 2,100 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి. అయిదేళ్లలో ఆ కంపెనీ చేసే పనిలో మారిందేమిటి? అప్పుడూ జాబితా వ్రాయడమే, ఇప్పుడూ జాబితా వ్రాయడమే. మారినదల్లా జాబితాలో చోటు కోసం వచ్చే జనం. ఆ జనాన్ని కంపెనీ పుట్టించలేదు. నగరం పెరిగితే నగరంలోని ఖాళీ స్థలం ధర ఎట్లా పెరుగుతుందో మార్క్సు "పెట్టుబడి" మూడో సంపుటంలో చర్చించాడు. స్థలం యజమాని వేలు కదపనక్కర్లేదు, ఊరు పెరిగితే చాలు. 1998 అక్టోబరు 16న పోస్టెల్ చనిపోయాడు. అంతకు రెండు వారాల ముందే, సెప్టెంబరు 30న, ఐకాన్ అనే సంస్థ పుట్టి ఆయన చూసే లెక్కలకు వారసత్వం పొందింది.

ఇక తలుపు మూయకముందు బయటికి పోయిన అక్షరాల సంగతి. ఎక్స్.కామ్ 1999లో ఇలాన్ మస్క్ బ్యాంకు కంపెనీ చేతికి వచ్చింది. ఆ కంపెనీ మరొకదానితో కలిసి పేపాల్ అయింది. 2017లో మస్క్ ఆ పేరును పేపాల్ నుంచి తిరిగి కొనుక్కున్నాడు. 2023లో ట్విట్టర్ నెత్తిన పెట్టాడు. జెడ్.కామ్ చాలాకాలం నిస్సాన్ కార్ల కంపెనీది. 2014లో జపాన్‌లోని జీఎంవో అనే సంస్థ దానికి 80 కోట్ల యెన్లు ఇచ్చింది. క్యూ.కామ్ టెలిఫోను కంపెనీ క్వెస్ట్ పాలైంది. ఆరింటిలో ఒక్క ఎక్స్.ఆర్గ్ కథ వేరు. యూనిక్సు, లినక్సు యంత్రాల తెర మీద కిటికీలు గీసే ఎక్స్ విండో అనే సాఫ్టువేరును ఉమ్మడిగా తయారుచేసినవారి చిరునామా అది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఒకే అక్షరం, ఒకే కాలంలో రెండు కొమ్మల మీద రిజిస్టరయింది. ఒకటి సరుకయింది, రెండోది కాలేదు. అక్షరంలో దోషం లేదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

మూసిన తలుపు దగ్గరికి మళ్లీ వద్దాం. పోస్టెల్ భయపడ్డ విపత్తు రాలేదు. యంత్రాలు బలపడ్డాయి. డాట్ కామ్ కింద ఇవాళ 15 కోట్లకు పైగా పేర్లున్నాయి, చీల్చవలసిన అవసరం పడలేదు. దాంతో, కారణం పోయింది గదా, నిషేధం ఎందుకు అనే ప్రశ్న వచ్చింది. 2007లో ఐకాన్ నియమించిన సంఘం ఒంటి అక్షరపు పేర్లను విడుదల చేయవచ్చుననీ, ఎవరికి ఎట్లా ఇవ్వాలో పద్ధతి తేల్చాలనీ సిఫారసు చేసింది. అక్కడినుంచి చర్చంతా పద్ధతి మీదనే. ఎవరు ముందు వస్తే వారికా, ట్రేడుమార్కు ఉన్నవారికా, వేలంలో ఎక్కువ పాడినవారికా?

ఈ మూడూ అమలు జరిగి చూపించిన దేశాలు ఉన్నాయి.

జర్మనీ సంగతి నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది. అక్కడ డాట్ డిఇ పేర్లు చూసే డెనిక్ కంపెనీ కాదు, సహకార సంఘం. అది ఒంటి అక్షరం, రెండక్షరాల పేర్లు ఇచ్చేది కాదు. కార్ల నంబరు ప్లేట్ల మీద జిల్లాలకుండే గుర్తు అక్షరాలనూ ఇచ్చేది కాదు. ఫోక్స్‌వాగన్ కంపెనీ తన రెండక్షరాలూ తనకు కావాలని దావా వేసింది. తక్కిన కార్ల కంపెనీలకు మూడక్షరాల పేర్లున్నాయి, నాకు లేకపోవడం వివక్ష అని దాని వాదన. 2008లో ఫ్రాంక్‌ఫర్ట్ పై కోర్టు ఒప్పుకుంది. అప్పుడు డెనిక్ ఒక్క ఫోక్స్‌వాగన్‌కు తలుపు తీసి ఊరుకోలేదు. 2009 అక్టోబరు 23న పొట్టి పేర్లన్నీ ఒక్కసారి వదిలింది. వేలం లేదు, మార్కులకు పెద్దపీట లేదు, ముందు అడిగినవారికి ముందు. వినడానికి ఇది సమానత్వంలా ఉంటుంది. కాని ఉదయం తొమ్మిది గంటలకు గేటు తీస్తారంటే, గేటు ముందు నిలబడేవారెవరు? సొంత రిజిస్ట్రార్లూ, సెకనుకు ఎన్నో అర్జీలు వేయగల యంత్రాలూ ఉన్నవారు. క్యూలో అందరూ సమానమే అనేవాడు, క్యూ దాకా రావడానికయ్యే ఖర్చు లెక్క వేయడం మరిచిపోతాడు.

బ్రిటన్‌లో నామినెట్ 2011లో మరొక దారి పట్టింది. ముందు ట్రేడుమార్కులున్నవారిని పిలిచింది, తరవాత తక్కినవారిని. ఒకే పేరుకు ఇద్దరు వస్తే వేలం, వచ్చిన డబ్బు ధర్మకార్యాలకు. ఈ ధర్మకార్యాల సంగతికి మళ్లీ వస్తాను.

కొలంబియా కథ వింటే మనబోటి దేశాలవారికి ఒళ్లు మండుతుంది. ఆ దేశానికి వచ్చిన రెండక్షరాలు సి, ఓ. ఇంగ్లీషులో కంపెనీ అనే మాటకు అదే పొట్టి రూపం కావడం వారి అదృష్టమో దురదృష్టమో! 1991 నుంచి ఆ పేర్లను బొగోటాలోని లోస్ ఆండీస్ విశ్వవిద్యాలయం చూసేది. దానితో వ్యాపారం చేసే ఆలోచన బయటపడగానే గొడవయింది. 2001లో ఆ దేశపు కౌన్సిల్ ఆఫ్ స్టేట్ ఇది ప్రజలకు సంబంధించిన విషయం అన్నది. 2006లో చట్టమే వచ్చింది. ఇంతవరకు బాగుంది. ఆ చట్టం ప్రకారం ప్రభుత్వం చేతికి వచ్చిన కొమ్మను 2009లో ప్రభుత్వమే ఒక ప్రైవేటు సంస్థకు నడపమని ఇచ్చింది. 2010లో ప్రపంచానికంతటికీ అమ్మకం మొదలు. ఇ.కో అనే పేరు వేలంలో 81,000 డాలర్లు పలికింది. ఓ.కో అనే పేరును ఓవర్‌స్టాక్ అనే అమెరికన్ కంపెనీ 3,50,000 డాలర్లకు కొన్నది. టి.కో ట్విట్టర్‌కు, జి.కో గూగుల్‌కు. ప్రజల ఆస్తి అని చట్టం చేసినంత మాత్రాన అది ప్రజలకు ఉపయోగపడుతుందని లేదు. పట్టా ఎవరి పేర ఉన్నా పంట ఎవరి ఇంటికి పోతున్నదో చూడాలి.

ఓ.కో కొన్న కంపెనీ చాలా హడావుడి చేసింది. 2011లో ఓక్‌లండ్ నగరంలో ఒక క్రీడా ప్రాంగణానికి కూడా ఆ పేరు పెట్టించింది. తీరా చూస్తే జనం కో అని కొట్టకుండా అలవాటుకొద్దీ కామ్ అని కొట్టేవారు. అక్కడ ఏమీ లేదు, అది పోస్టెల్ అట్టిపెట్టిన గది. కొద్ది నెలల్లోనే కంపెనీ తన పాత పేరుకు తిరిగివచ్చింది. జనం అలవాటే ఆస్తి అని ఈ ఉదంతం చెప్పకనే చెబుతుంది. ఆ అలవాటును ఏ యజమాని పెంచాడు? కోట్లమంది రోజూ వేళ్లతో కొట్టి కొట్టి పెంచారు.

ఇన్ని చూసిన తరవాత 2017 చివర వెరిసైన్ ఓ.కామ్‌ను వేలం వేస్తానని ఐకాన్‌కు ప్రతిపాదించింది. ప్రయోగంగా ఒక్క అక్షరమే. 2019 మార్చిలో ఐకాన్ పాలకవర్గం ఒప్పుకుంది. షరతులు ముచ్చటగా ఉన్నాయి. వేలం మూడో మనిషి నడుపుతాడు. పాట డబ్బు, ఆపైన ఏటా పాట మొత్తంలో 5 శాతం చొప్పున వచ్చేదీ లాభాపేక్ష లేని సంస్థలకు పోతుంది. వెరిసైన్‌కు మామూలు రుసుము తప్ప మరేమీ రాదు.

మా ఎకనామిక్స్ లెక్చరరు గారికి ఈ షరతులు చెప్పాను. ఆయన నా మిత్రుడు, మన సభలకు కూడా వస్తాడు. "ఇంతకన్న ఏం కావాలండీ మీకు?" అన్నాడు. "మన ఆర్టీఏ ఆఫీసుల్లో 9999 నంబరుకు లక్షలు పాడడం లేదూ? డబ్బున్నవాడి డాబును పిండి ఖజానాలో వేస్తే మనకు నష్టమేమిటి? పనికిరాకుండా పడివున్న అక్షరం బడికో లైబ్రరీకో డబ్బు తెచ్చిపెడితే మీరు వద్దంటారా?"

ఈ వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. మనలో కొందరు వెంటనే ఇంగ్లండులో ఉమ్మడి భూములకు కంచెలు వేసిన కథ ఎత్తుకుంటారు. ఆ పోలిక కొంతవరకే నడుస్తుంది. కంచె వేస్తే గొర్రెలు మేపుకునే పేదరైతు రోడ్డున పడ్డాడు. ఓ.కామ్ వేలం వేస్తే ఇవాళ ఎవరి పశువుకూ గడ్డి తగ్గదు. పైగా భూమిని మనిషి చేయలేదు, ఈ కొరతను మనిషే చేశాడు. ఒక నియమం వల్ల అక్షరం అరుదైంది, మరొక నియమం వల్ల కాకపోనూవచ్చు. తొందరపడి పోలికలు తెచ్చేవాళ్లు ప్రత్యర్థికి సాయం చేస్తారని నా అనుభవం.

నా అభ్యంతరం మరొకచోట ఉంది. 9999 నంబరు కారును గుర్తుపట్టడానికే తప్ప, ఆ కారువాడు దానితో దారిన పోయేవారి దగ్గర సుంకం వసూలు చేయలేడు. ఒంటి అక్షరపు పేరు అట్లా కాదు. అది నాలుగు రోడ్ల కూడలి. అక్కడ కూర్చున్నవాడికి జనం అలవాటు తరతరాలూ రాబడి ఇస్తుంది. వేలంలో ధర్మసంస్థకు ముట్టేది ఆ రాబడిలో ఒక వాటా మాత్రమే. మిగిలినది పాడుకున్నవాడిది. పాటకు వచ్చేవాడు దానం చేయడానికి రాడు, మిగులుతుందని లెక్క కట్టుకునే వస్తాడు. ఏటా 5 శాతం అనే షరతు ఈ సంగతిని ఒప్పుకున్నట్టే ఉంది. అది కౌలు గాక మరేమిటి? కౌలు ఉన్నదంటే ఆసామీ ఒకడున్నాడని అర్థం. ఆ ఆసామీ ఎవరు? వెరిసైన్ తాను కాదంటుంది. ఐకాన్ తాను ధర్మకర్తను మాత్రమే అంటుంది. పోస్టెల్ దృష్టిలో పేర్లకు యజమానే లేడు. యజమాని లేని దానికి కౌలు మాత్రం నిర్ణయమయింది. వెరిసైన్ త్యాగం సంగతి కూడా ఒక మాట. అమెరికా ప్రభుత్వంతో దానికున్న ఒప్పందం 2018లో మారి, డాట్ కామ్ రుసుము పెంచుకునే వీలు వచ్చింది. 7 డాలర్ల 85 సెంట్లు ఉన్నది 2024 నాటికి 10 డాలర్ల 26 సెంట్లయింది. 15 కోట్ల పేర్ల మీద ఇది. ఒక అక్షరం దానమివ్వడానికి బాధ ఏముంది?

ఈ చర్చలన్నిటిలో నాకు వినిపించని ప్రశ్న ఒకటుంది. అట్టిపెట్టింది దేనికి? ఒక అక్షరం కింద వేలాది పేర్లు తలదాచుకోవాలని. ఆ సాంకేతిక అవసరం తీరిపోయింది, నిజమే. కాని కారణం తీరిపోతే మిగిలేది ఖాళీ గది గాని అమ్ముడు సరుకు కాదు. ఒక ఊరు కరువు కోసం ధాన్యపు కొట్టు కట్టుకుంది, కరువు రాలేదు. ఇక కొట్టును ఏం చేయాలన్నప్పుడు వేలం ఒక జవాబు మాత్రమే. బడి పెట్టుకోవచ్చు, గ్రంథాలయం పెట్టుకోవచ్చు. ఎల్.కామ్‌ను కాకపోయినా ఎల్.ఆర్గ్‌ను ప్రపంచంలోని చిన్న లైబ్రరీలన్నీ కింది పేర్లుగా పంచుకునే చిరునామాగా ఎందుకు చేయరాదు? ఎక్స్.ఆర్గ్ లాంటిది ఒకటి నడిచి చూపించింది గదా! ఇట్లా అడిగితే, "దాన్ని ఎవరు నడుపుతారు, ఎవరు ఎంపిక చేస్తారు?" అంటారు. కష్టమైన ప్రశ్నే. వేలానికి ఆ కష్టం లేదు. సుత్తి మూడుసార్లు కొడితే చాలు.

ఈ సంగతులు క్లాసులో చెప్పినప్పుడు ఆ కుర్రవాడు ఊరుకోలేదు. "మనకేమిటండీ ఇందులో? అవి ఇంగ్లీషు అక్షరాలు గదా," అన్నాడు. మనకూ ఉంది. 2011లో మన దేశానికి ఏడు లిపులలో భారత్ అనే కొమ్మ మంజూరయింది, అందులో తెలుగు ఒకటి. తెలుగు లిపిలో ఏయే గుర్తులు ఏ వరుసలో వస్తే చెల్లుతాయో నియమాలు కూడా తయారై, 2019లో ఐకాన్ ప్రకటించిన మూడో సంపుటిలో చేరాయి. పేర్ల యంత్రం నేరుగా తెలుగు చదవదు. 2003లో ఏర్పడ్డ పద్ధతి ప్రకారం మన మాటను ఇంగ్లీషు అక్షరాలు, అంకెల గొలుసుగా మార్చి, ముందు ఒక గుర్తు తగిలించి దాచుకుంటుంది. కనుక ఒంటి అక్షరం అంటే ఏమిటనేది మన దగ్గర మొదటే తెగని ప్రశ్న. పోస్టెల్‌కు 26 అక్షరాలుండేవి, వేళ్ల మీద లెక్క. మనకు గుణింతాలూ ఒత్తులూ కలిపితే లెక్కకు అందవు. పొట్టి పేర్లకు నియమం వ్రాసేవాడు యంత్రం లెక్క తీసుకుంటే, మనం ఒక్క అక్షరమనుకునేది పొట్టి పేరే కాకుండా పోతుంది. అట్టిపెట్టే జాబితాలోకే రాదు. మన లెక్క తీసుకుంటే వస్తుంది.

వాడికి నమ్మకం కలగలేదు. బోర్డు దగ్గరికి పిలిచి, మా ఊరి బజారులో ప్రతి దుకాణం పలకమీదా మొదట ఉండే అక్షరం వ్రాయమన్నాను. "శ్రీ" అని వ్రాశాడు. ఎన్ని అక్షరాలు అన్నాను. ఒకటి అన్నారు అందరూ. అప్పుడు యంత్రం లెక్కపెట్టినట్టు లెక్కపెట్టించాను. శ, దాని పొల్లు, ర, పైన దీర్ఘపు గుడి. నాలుగు. "మరైతే ఇది ఎవరికి పోతుందండీ?" అని అడిగాడు, చేతిలో సుద్దముక్క అట్లాగే పట్టుకుని.